నూకరాజు గారి జంటెలుక

2094 నాటికి కాకినాడలో ఏ ఇంటికెళ్లినా చెప్పుల స్టాండు మీద ఓ ఎలుక పంజరం ఉండేది. అది మామూలు ఎలుక కాదు, జంటెలుక. మన రోగపు జన్యువుల్ని ఎలుక పిండంలో అతికిస్తే మన జబ్బే దానికీ వస్తుంది. కొత్త మందు ముందు దానికి వేస్తారు. దానికి నయమైతేనే మనకు. షరతు ఒక్కటే: మనం తినే ప్రతిదాంట్లోనూ నలుసంత దానికీ పెట్టాలి.

నూకరాజు గారికి షుగరు, కాలి బొటనవేలికి పుండు. జంటెలుక్కీ అంతే. ఎలుక వేలు మానకపోతే ఈయన వేలు తీసేస్తామన్నారు. అందుకని ఆయన ఎలుకను రాగి జావతో కఠినమైన పథ్యంలో ఉంచి, మడత కాజాలు మాత్రం తానొక్కరే తిన్నారు.

నెల తిరిగేసరికి ఎలుక పుండు ఆయన పుండుకన్నా ముదిరింది.

"బాబాయ్ గారూ, దీనికేం పెట్టారు?" అంది డాక్టర్ హిమజ. ఎలుకకు వేస్తున్న కొత్త మందు కనిపెట్టింది ఆవిడే.

"జావేనమ్మా! ఒట్టు!"

వాసన పట్టే యంత్రం ఎలుక మూతి దగ్గర మూలిగింది. "మీసాల మీద నెయ్యి, పంచదార పాకం," అని చెప్పింది.

"ఓసి దొంగముండా!" నూకరాజు గారు అదిరిపడ్డారు. "అటక మీద డబ్బాలో కాజాలు తరిగిపోతుంటే మా ఆవిణ్ణి అనుమానించాను కదే!"

భార్య వీరవేణి ఆయన వైపు అదోలా చూసింది.

"రోగమే అతికించాం. ఈ బుద్ధి మిమ్మల్ని చూసి నేర్చుకుంది," అంది హిమజ. "రెండు వారాలు గడువు. ఇద్దరికీ జావే. ఒకరికొకరు కాపలా."

ఆయన అటక వైపు చూస్తే ఎలుక కీచుమనేది. అది గొళ్లెం మీద కాలేస్తే ఆయన గయ్యిమనేవారు. పదిహేనో రోజుకి రెండు వేళ్లూ మానాయి.

హిమజ ఎగిరి గంతేసినంత పని చేసింది. "నా మందు గెలిచింది! బాబాయ్ గారూ, మీరూ రహస్యంగా వేసుకున్నారు కదూ?"

"ఏం వేసుకోవడమమ్మా," అంది వీరవేణి. "ఎలా ఉందోనని చుక్క నాలిక మీద పెట్టుకుని, చేదని క్రోటన్ కుండీలో ఉమ్మేశారు. అది చూసి ఈ ఎలుకా పూటపూటా మందంతా అందులోనే ఉమ్మేసింది."

హిమజ లేచి వాసన యంత్రం ఆపేసింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఈ కుండీ సంగతి ఇంకెవరికైనా చెప్పారా, పిన్నిగారూ?"