రాజుగారి ముక్కు మీద తెల్లమచ్చ

ఆదివారం ఉదయం స్పెయిన్‌లోని కాదిజ్ ఊరి మీద తూర్పుగాలి వీస్తుండగా, లెయాంద్రో కిరోస్ తన నాణేల పెట్టె తెరిచి కేక పెట్టాడు. తండ్రి ఇచ్చిపోయిన స్పానిష్ బంగారు నాణెం, రెండు వందల ఏళ్ల క్రితం, స్పెయిన్ ఏలిన పెరూలోని లిమా టంకశాలలో ముద్రించినదని ఆ ఇంటి నమ్మకం. ఇప్పుడు దాని మీది రాజుగారి ముక్కు తెల్లగా ఉంది!

“దీన్నెవరు ముట్టుకున్నారు?”

భార్య ఎవులాలియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “మధ్యాహ్నం మీ నాణేల సంఘం వాళ్లొస్తున్నారుగా. మసకగా ఉందని వంటసోడాతో రుద్దాను.”

“పాత నాణేన్ని తోమకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు! అదేమన్నా నీ చేపల మూకుడా?”

“మూకుడైతే నా చేతికిచ్చేవాడివే. పెళ్లైన ముప్పైతొమ్మిదేళ్లలో ఈ నాణేన్నొక్కసారి పట్టుకోనిచ్చావా?”

“అందుకే ఇవ్వలేదు! నాశనం చేశావు.”

రసాయనశాస్త్రం బోధించే కూతురు నియెవెస్ భూతద్దం అందుకుంది. “నాన్నా, రుద్దితే బంగారం మీద గీతలు పడతాయి. తెల్లబడదు.”

ఆమె నాణేన్ని త్రాసు మీద పెట్టింది. బరువు ఎప్పటిలాగే సరిపోయింది. తరువాత దారం కట్టి నీటిలో వేలాడదీసి తూచింది. నీటిలో బంగారం తగ్గవలసినంత బరువు తగ్గలేదు.

“బంగారం కాదు, అంతకన్నా సాంద్రత ఎక్కువున్న ప్లాటినం. ఆ రోజుల్లో కారుచౌక. దొంగ నాణేల వాళ్లు దానికి బంగారుపూత వేసేవాళ్లు. అమ్మ రుద్దేసరికి ముక్కు మీది పూత పోయింది.”

“మళ్లీ తూచు.”

నీటికి వంశగౌరవంతో పనిలేదు. మూడుసార్లూ ఒకే మాట చెప్పింది. లెయాంద్రో కూలబడ్డాడు. ఇన్నేళ్లూ దాన్ని చేతొడుగులతో పట్టాడు, తూచాడు, భూతద్దంలో చూశాడు; తడిస్తే మెరుపు పోతుందన్న భయంతో నీటిలో మాత్రం ఏనాడూ ముంచలేదు.

“సంఘం వాళ్లకి నీకు ఒంట్లో బాలేదని చెప్పనా?” ఎవులాలియా మెల్లగా అడిగింది.

ఇందాకటి తన అరుపులు అతని చెవుల్లో మళ్లీ మోగాయి.

“వద్దు. రానీ, ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. ముందు నువ్వు చెయ్యి చాపు.”

“దొంగదని తేలాకనా?”

అతని కళ్లు నిండాయి. “మంచిదనుకున్నప్పుడే ఇవ్వాల్సింది, లాలీ.”

ఆమె చెయ్యి చాపింది. అతను నాణేన్ని అరచేతిలో పెట్టాడు. “అబ్బ, ఎంత చల్లగా ఉందో!”

అతను ఆమె వేళ్లను నాణెం చుట్టూ మడిచాడు. “కాసేపు పట్టుకో. వెచ్చబడుతుంది.”