మోగని రాయి

ఆ ఉదయం దక్షిణపు గాలి వీస్తోంది. సముద్రం మీది తడినంతా మోసుకొచ్చి గోడలకు పులిమే గాలి అది. ఆ గాలి ఉన్నన్నాళ్లూ పెద్ద మాటలు మాట్లాడకూడదని, తగువులు పెట్టుకోకూడదని బ్రాచ్ దీవిలో ముసలివాళ్లు అంటారు. పెరీనా ఆ మాటే గుర్తు చేస్తూ కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించింది.

"ఇవాళ ఆ పిల్లతో ఏమీ అనకు. గాలి మంచిది కాదు."

భర్త లోవ్రే ఆమె పెదవుల వంక చూస్తూ విన్నాడు. రాళ్లు కోసే యంత్రాల దగ్గర ముప్పాతిక జీవితం గడిచాక అతని చెవుల్లో మిగిలింది తక్కువ. ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడితే అందుతుంది. పక్క గదిలోంచి పిలిస్తే అందదు.

"గాలి బాగున్న రోజు మాత్రం నేనేమన్నాను?"

"అన్నావులే. చాలానే అన్నావు."

ఆమె ఏ రోజు గురించి అన్నదో ఇద్దరికీ తెలుసు.

మేడమీద కోడలు ఓర్నెలా సామాను సర్దుకుంటోంది. ఆమె భర్త నిక్షా పోయి చలికాలం దాటింది. తలలో నరం చిట్లి, ఆసుపత్రికి తీసుకెళ్లే పడవలోనే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు. ఇంకా నలభై నిండలేదు. ఇన్నాళ్లూ ఓర్నెలా అత్తమామల దగ్గరే ఉంది. ఇక అవతలి ఒడ్డు పట్నం స్ప్లిట్‌లో తల్లి దగ్గరకు వెళ్లిపోతానంది. మధ్యాహ్నం పడవకు ఎవరో స్నేహితురాలు వ్యాను తెస్తుందట. బట్టలు, పుస్తకాలు, ఇంకా కార్ఖానాలో నిక్షా చేసిన స్పీకర్ పెట్టె తీసుకెళ్తుంది.

ఆ పెట్టె దగ్గరే లోవ్రే మనసు ఆగిపోయింది.

కాఫీ తాగి అతను పెరట్లోకి వెళ్లాడు. ఇంటి వెనక తాత ముత్తాతల నాటి రాతి కార్ఖానా. రేవుకు అవతల రాతిపని బడిలో పిల్లలు పని మొదలుపెట్టే వేళ. వాళ్ల సుత్తి దెబ్బలు నీళ్ల మీదుగా ఇక్కడికి వచ్చేవి. ఇప్పుడు వస్తున్నాయో లేదో అతనికి తెలియదు. అలవాటుగా ఒక తెల్లరాయిని సుత్తితో కొట్టి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. రాయి చేతిలోకి పలికింది. ఆ ఊళ్లో ఏ శిల్పి అయినా మొదట నేర్చేది అదే. కొట్టి చూడు. గంటలా మోగితే లోపల పగులు లేదు. బొంగురుగా పలికితే ఉలి పెట్టకు, అవతల పారెయ్. అలా పారేసిన రాళ్లన్నీ పెరటి చివర, నీళ్ల అంచున, కుప్పగా పడి ఉన్నాయి. లోవ్రే తండ్రి పారేసినవీ అందులోనే ఉన్నాయి.

నిక్షాకు ఉలి పట్టడం చేతకాక కాదు. చక్కగా పట్టేవాడు. కానీ వాడి ప్రాణమంతా పాట మీద ఉండేది. పాట ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లు చెయ్యాలనేవాడు. చెక్క పెట్టె లోపలి శబ్దానికి తనూ అదిరి తన గొంతు కలుపుతుందట. రాయైతే బరువు, కదలదు. మొదట ఆ మాట విన్నప్పుడు లోవ్రే పొంగిపోయాడు. తీరా ఒక రోజు పనివాళ్లంతా ఉండగా వాడు వచ్చి, మోగని రాయి ఒకటి ఇమ్మని అడిగాడు. లోవ్రే పకపకా నవ్వాడు.

"మోగని రాయి సమాధికి కూడా పనికిరాదురా."

పనివాళ్లూ నవ్వారు. నిక్షా నవ్వలేదు. నెల తిరక్కుండా స్ప్లిట్ నుంచి పలకలు తెప్పించాడు. రాతిపొడి, జిగురు కలిపి పోతపోసిన పలకలు. వంటింటి గట్లకు వేస్తారు. తన పెరట్లోకి ఆ పిండిముద్ద తేవద్దని లోవ్రే అరిచాడు. నిక్షా బదులు చెప్పకుండా కార్ఖానా మూలన తెర కట్టుకుని పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్నంత వరకే. ఒక పెట్టె పూర్తయింది. రెండోదాని పలకలు కోయకముందే నిక్షా పోయాడు.

కొడుకు సమాధికి లోవ్రే పెరట్లోకెల్లా బాగా మోగే రాయిని ఎంచాడు.

పదకొండు దాటాక ఓర్నెలా పెరట్లోకి వచ్చింది. చేతిలో పాత దుప్పటి ఉంది, పెట్టెకు చుట్టడానికి. లోవ్రే కార్ఖానా గుమ్మంలో నిలబడ్డాడు. పక్కకు జరగలేదు.

"మామయ్యా, వ్యాను వచ్చే వేళయింది."

"రానీ. ఆ పెట్టె ఇక్కడే ఉంటుంది."

అతనికి సంగతి పూర్తిగా అందలేదేమో అనుకుని ఆమె మెల్లగా విడమరిచింది. మిగిలిన పలకలతో రెండోది చెయ్యడానికి స్ప్లిట్‌లో నిక్షా మిత్రుడు ఒప్పుకున్నాడనీ, అప్పుడు జోడు పూర్తవుతుందనీ చెప్పింది. లోవ్రే తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"నా కొడుకు పని పరాయివాడెవడో పూర్తి చెయ్యడమేమిటి? నేను చచ్చానా?"

"మీరా?" ఆమె గొంతు లేవలేదు. అందుకే మరీ కోసింది. "మీరు దాన్ని పిండిముద్ద అన్నారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కసారైనా తెర తీసి చూశారా?"

వంటింటి గుమ్మంలోంచి పెరీనా కేకేసింది, బంగాళాదుంపలు ఉడికాయి, కొట్టుకోవాలంటే తిన్నాక కొట్టుకోండని. ఎవరూ కదలలేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ తనే వచ్చి కోడలి పక్కన నిలబడింది.

లోవ్రే లోపలికి నడిచాడు. నిక్షా తెర పక్కనే గోనెపట్టా కప్పిన వస్తువొకటి ఉంది. పట్టా లాగేశాడు.

అచ్చు నిక్షా పెట్టె అంత ఎత్తు, అంత వెడల్పు. ఒకే తెల్లరాయిని లోవ్రే లోపల తొలిచి చేశాడు. ఎక్కడా అతుకు లేదు. అంచులు సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉన్నాయి. ముందువైపు స్పీకర్లు కూర్చునే గుంతలు కొడుకు పెట్టెకు కొలతలు తీసి తొలిచినవి. చలికాలమంతా తలుపు వేసుకుని అతను చేసిందేమిటో ఆడవాళ్లిద్దరికీ అప్పుడు తెలిసింది.

"సమాధికి పెట్టిన రాయిలో సగం ఇది," అన్నాడు. "ఇంతకంటే మంచిది ఈ దీవిలో లేదు. బిగించు. నీకు తెలుసుగా."

ఓర్నెలాకు తెలుసు. నిక్షా పక్కన కూర్చుని తీగలు అందించిన మనిషి. ఆమె చాలాసేపు రాతిపెట్టె వంక చూసింది. తర్వాత మూలనున్న అట్టపెట్టెలోంచి రెండో జత స్పీకర్లు తీసి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మర బిగించింది. రెండు పెట్టెలూ పక్కపక్కన నిలబెట్టారు. ఒకటి బూడిదరంగు, ఒకటి తెలుపు. ఆ ఊరి మగవాళ్లు వాయిద్యాలు లేకుండా కలిసి పాడే పాట ఒకటి పెట్టింది. నిక్షా ప్రతిదీ ఆ పాటతోనే పరీక్షించేవాడు.

లోవ్రేకు పాట ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు అందింది. అందుకని కోడలి ముఖం చూస్తూ నిలబడ్డాడు. సన్నగొంతువాడు పైకి ఎత్తుకున్న చోట ఆమె కనుబొమలు ఒక్క క్షణం ముడిపడ్డాయి. పెరీనా తల వంచుకుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది, మామయ్యా."

అరవై ఏళ్లుగా రాళ్ల మాట విన్నవాడు మనుషుల మాట నమ్మలేదు. ముందుకు వెళ్లి కుడిచెయ్యి తను చేసిన పెట్టె మీద, ఎడమచెయ్యి కొడుకు చేసిన పెట్టె మీద ఆనించాడు. సన్నగొంతు మళ్లీ పైకి లేచింది. కుడి అరచేతి కింద రాయి ఝుమ్మంది. పాట ఒకటి పాడుతుంటే, ఆ పాట మీద తన పాట పాడింది. స్వరం తెగిపోయాక కూడా కాసేపు పాడింది. ఎంత మంచి రాయో అంత గట్టిగా పాడింది.

ఎడమచేతి కింద ఏమీ లేదు. లోపల అంతమంది మగవాళ్లు గొంతెత్తి పాడుతున్నారు, పైన పలక కదలలేదు. పడవలో కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు ఇలాగే ఉంది.

అతను ఆ చెయ్యి తియ్యలేకపోయాడు.

పాట అయిపోయింది. "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?" అన్నాడు.

ఓర్నెలా చేతులు ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుని ఉంది. "ఇంత చేశాక ఏం చెప్పమంటారు?"

"వాడు నన్ను మోగని రాయి అడిగాడు."

"అవును."

"నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నా పనినే అంటున్నాడనుకున్నాను."

ఆమె పెరటి వైపు, నీళ్ల అంచున ఉన్న కుప్ప వైపు చూసింది. "ఆయనకు ఆ పలకలు ఇష్టమేమీ కాదు. నాన్న పారేసిన రాళ్లలోంచే ఒకటి చాలు, మనూరి రాయితోనే చెయ్యాలని ఉంది అనేవారు. మీరు నవ్వాక మళ్లీ అడగలేదు. నేను అడుగుతానంటే వద్దన్నారు. నాన్న చెయ్యి పెట్టి చూడకుండా ఆ కుప్పలో రాయి తియ్యనన్నారు."

పెరీనా ఏడవలేదు. మొగుడి భుజం మీద ఒక చెయ్యి వేసి తీసేసింది. బయట వ్యాను వచ్చి ఆగినట్టుంది. ఓర్నెలా లేచి వెళ్లి స్నేహితురాలితో ఏదో మాట్లాడి వచ్చింది. సామాను సాయంత్రం పడవకు వేద్దామని చెప్పానంది. మధ్యాహ్నం పడవ దాటిపోయింది. ముగ్గురూ చల్లారిన బంగాళాదుంపలు, ఆకుకూర ఆలివ్ నూనె వేసుకుని తిన్నారు. తిన్నారంటే కంచాల ముందు కూర్చున్నారు.

తర్వాత లోవ్రే సుత్తి తీసుకుని పెరటి చివరకు నడిచాడు. కుప్ప ముందు వంగి కూర్చున్నాడు. నాచు పట్టినవి, ఉప్పు తిన్నవి, చిన్నప్పుడు తండ్రి తన చేత పారేయించినవి అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కోదాన్నీ కొట్టి చెయ్యి పెట్టి చూశాడు. ఇది కొంచెం మోగింది, కాదు. ఇదీ కాదు. పలికే రాయి కోసం వెతికిన చేతులకు పలకని రాయిని పట్టుకోవడం చేతకావడం లేదు. ఓర్నెలా వచ్చి పక్కన కూర్చుని, అతను వద్దన్నవాటిని ఎత్తి అవతల పెట్టసాగింది. సాయంత్రం పడవ మాట ఇద్దరూ ఎత్తలేదు.

కుప్ప అడుగున మసక పసుపురంగు రాయి ఒకటి దొరికింది. లోవ్రే కొట్టాడు. చెయ్యి పెట్టాడు. మళ్లీ కొట్టాడు. ఏమీ రాలేదు.

"ఇదే," అన్నాడు. "ఇదేరా."

ఎవరితో అంటున్నాడో ఓర్నెలా అడగలేదు. అతను మూడోసారి సుత్తి ఎత్తి, కొట్టకుండానే దించి, ఆ రాయి మీద తల ఆన్చాడు. దక్షిణపు గాలి ఇంకా వీస్తూనే ఉంది. అతను ఏడుస్తుంటే రాయి ఏమీ పలకలేదు.