మోగని బెల్లు

మధ్యాహ్నం సైన్స్ పీరియడ్. పిడుగు బల్ల మీద మూడు సన్నటి పొడవాటి తీగలు పరిచింది. పిడుగు అన్నది తాతయ్య పెట్టిన పేరు. బళ్లో కూడా అదే స్థిరపడిపోయింది.

రాగి తీగ కలిపితే బల్బు బాగా వెలిగింది. అల్యూమినియంకు కాస్త తగ్గింది. ఇనుప తీగకైతే గుడ్డిగా వెలిగింది.

"బ్యాటరీల సంగతి కూడా చెప్పు," అంది టీచర్.

"ఇవి ఆల్కలైన్‌వి మేడం, చాలా రోజులు వస్తాయి. మామూలువి త్వరగా నీరసపడతాయి. అప్పుడు కూడా రిమోట్‌కి సరిపోతాయి, దానికి కొంచెం కరెంటు చాలు. బల్బుకో బెల్లుకో వేస్తే మాత్రం చేతులెత్తేస్తాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. తన మాటే తనకు తగిలి పిడుగు బ్యాటరీల వైపు చూసింది.

ఆ మంచి బ్యాటరీలు తాతయ్య బెల్లులోవి. తాతయ్య నడవలేడు, వెనక గదిలో మంచం మీదే ఉంటాడు. అమ్మ ముందుగదిలో బట్టలు కుడుతుంది. మిషన్ చప్పుడులో పిలుపు వినపడదని ఆ బెల్లు పెట్టారు. పొద్దున పిడుగు అందులో రిమోట్‌లోని పాత బ్యాటరీలు వేసింది. ఒకసారి నొక్కితే మోగింది. సాయంత్రం మార్చేయొచ్చులే అనుకుంది.

టీచర్‌కు చెప్పి ఇంటికి వెళ్దామనుకుంది. అన్ని చప్పట్ల మధ్య నోరు రాలేదు.

బడి వదలగానే పరుగెత్తింది. ఇంట్లో మిషన్ చప్పుడు లేదు. వెనక గదిలో తాతయ్య నేల మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. అమ్మ ఆయన మోచేతి రక్తం తుడుస్తోంది. నీళ్ల చెంబు మంచం కిందికి దొర్లిపోయింది.

"టీ తెస్తే ఇలా పడి ఉన్నావు. బెల్లు నొక్కొచ్చు కదా నాన్నా?"

"నొక్కాను తల్లీ. ఒకసారి మూలిగి ఊరుకుంది. నీకు వినపడిందిలే, పనిలో ఉండి రాలేదేమో అనుకున్నాను. చెంబు నేనే అందుకుందామని..."

అమ్మకు ఏడుపొచ్చింది.

"బ్యాటరీలు నేనే తీశాను," అంది పిడుగు.

అమ్మ తాతయ్య మోచేతికి కట్టు కట్టసాగింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు బళ్లో పెద్ద హాల్లో సైన్స్ ప్రదర్శన. పిడుగు బల్బు వెలగలేదు. బ్యాటరీలేవని టీచర్ అడిగింది.

"ఇంట్లో అవసరం మేడం," అంది తల వంచుకుని.

తాతయ్య మాత్రం బెల్లు ముట్టుకోవడం మానేశాడు. దాహం వేసినా ఎవరో ఒకరు వచ్చేదాకా ఓర్చుకునేవాడు. అది చూసి పిడుగు రోజూ బడికి వెళ్లేముందు బెల్లు నొక్కి, చాలాసేపు వదలకుండా వినేది.

ఒకరోజు గడప దాటుతుంటే బెల్లు మోగింది. పిడుగు సంచి అక్కడే పడేసి పరుగెత్తింది.

"ఏం కావాలి తాతయ్యా?"

"ఏమీ వద్దు. వస్తారో రారో చూద్దామని."

పిడుగు చెంబు నిండా నీళ్లు తెచ్చి, ఆయన చేతికి అందేంత దగ్గరగా పెట్టింది. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లింది.