అయస్కాంతం అతుక్కోని కారు

నా భయాల్లో అన్నిటికన్నా పెద్దది ముందే చెప్పేస్తాను: గేటు దాటి వెళ్ళిన మనిషి మళ్ళీ రాడేమోనని. మా లావీనియా వాళ్ళ నాన్న గోయాస్‌లో పనుందంటూ మోటారు సైకిలెక్కి వెళ్ళినప్పుడు పాప నా కడుపులో ఉంది. ఇప్పుడు దానికి రెండేళ్ళు.

మా ఊరు ఇటాచీబాలో మా నాన్న అదెమార్‌కి షెడ్డుంది. పాతకాలపు రేసు కార్లకు నకళ్ళు చేస్తాడు. పైన ఫైబర్ ఒళ్ళు, లోపల ఫుస్కా అనే మామూలు చిన్న కారు ఇంజను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ ఆ ఫైబర్ పరిచి, రుద్ది, నునుపు చేసేది నేనే.

ఒక శనివారం, ఎప్పుడో మేమే చేసి అమ్మితే మళ్ళీ అమ్మకానికొచ్చిన పాత వెండిరంగు బండిని చూడటానికి కంపీనాస్ నుంచి ఒకతను వచ్చాడు. పేరు ఎవాండ్రో. బడిలో చరిత్ర చెబుతాడట. వస్తూనే జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుకి ఆనించాడు. జారి పడింది. బానెట్‌కి ఆనించాడు. మళ్ళీ పడింది. సొట్టలకు పుట్టీ మెత్తిన చోట అయస్కాంతం అంటుకోదు కదా, పాత కారు కొనేవాళ్ళందరూ చేసే పరీక్షే అది.

"ఏంటండీ ఇది, బండంతా పుట్టీయేనా?"

నాకు నవ్వాగలేదు. "ఫైబర్ సార్! దీనికి అయస్కాంతం అంటుకుంటే అప్పుడు భయపడాలి."

చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మా మావయ్య ఇచ్చాడండీ. ఇది లేకుండా వెళ్ళొద్దన్నాడు."

"ఆయన్ని కూడా తీసుకురావాల్సింది. ఒక్కరితో నవ్వు సరిపోలేదు."

దానికి కసి తీర్చుకున్నాడు. ఇంజనుకి గాలాడే జాలీ రేకు కన్నాలు లెక్కపెట్టి, పుస్తకంలో బొమ్మ చూపించి, "అసలు కారుకంటే రెండు తక్కువ" అన్నాడు. ఆ జాలీ నేను చేసిందే. ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే శనివారం రండి. సరిచేసి ఉంచుతాను."

వచ్చాడు. ఈసారి బ్రేకు ఒకవైపు లాగుతోందని నేనే చెప్పాను. ఆపై వారం సీటు ఎత్తు బాగోలేదు. ఆపై వారం మీటరు రంగు. ఈలోగా లావీనియా అతని భుజమెక్కడం నేర్చుకుంది.

"అమ్మాయ్, నువ్వు కారు అమ్ముతున్నావా, కాపలా కాస్తున్నావా?" అన్నాడు నాన్న.

"బ్రేకుల్లేని బండిచ్చి పంపమంటావా?"

"బ్రేకులు నేను బాగుచేసి రెండు వారాలైంది!"

ఐదో శనివారం జోరున వాన. ఎవాండ్రో తడిసి ముద్దయి వచ్చాడు.

"ఈరోజు ఏం బాగోలేదు?"

"కుడివైపు అద్దం. అసలు కారుకి గుండ్రంగా ఉంటుంది."

"అసలు కారుకి కుడివైపు అద్దమే లేదు, తాయినా గారూ."

పైన రేకుల మీద వాన. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బండి ఇచ్చేస్తే మీరిక రారు కదా" అనేశాను.

అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కన్నాలు మొదట్లోనే సరిగ్గా ఉన్నాయి. నేను చూపించిన బొమ్మ వేరే ఏడాది బండిది. మళ్ళీ రావడానికి వంక కావాలిగా."

"వేళ్ళు కోసుకుని మరీ చేశానండీ ఆ రెండు కన్నాలు!"

"అవే ఇప్పుడు ఎక్కువయ్యాయి."

కొట్టడానికి గుడ్డ ఎత్తాను కానీ, చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. "దీనికి రెండే సీట్లు. నాకు పాప ఉంది."

"అందుకే కొనను."

"మరి ఎలా వస్తారు?"

"ఇన్నాళ్ళూ ఎలా వచ్చాను? బస్సులో."

బండి కిందనుంచి నాన్న గొంతు వినిపించింది: "మాష్టారూ, రేపు భోజనానికి కూడా రండి. కన్నాలు పూడ్చే పనుంది."

అప్పటి నుంచీ ఏ శనివారమూ తప్పలేదు. ఈరోజూ శనివారమే. తొమ్మిదింటి బస్సు వచ్చి వెళ్ళింది, అతను దిగలేదు. నాన్నకి నవ్వుగా ఉంది, నేను మాత్రం గేటు దగ్గర నుంచి కదలలేదు. పరీక్ష కాగితాలు దిద్దుతూ బస్సులోనే నిద్రపోతాడు. ఒకసారి మా ఊరు దాటి బ్రగాన్సా దాకా వెళ్ళిపోయాడు కూడా. మీలో ఎవరైనా కంపీనాస్ బస్సులో ఉంటే, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న కళ్ళజోడు మనిషి ఉన్నాడేమో కాస్త చూడండి. ఉంటే, ఇటాచీబా వచ్చిందని లేపండి.