గ్రంథాలయం మేడ మీది గది

ఆ శనివారం పొద్దున కూడా ఆమె ఎప్పటిలాగే ఎక్స్‌టెన్షన్ బాక్సులు సంచిలో సర్దుకుంటోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా రిటైరయిన మరుసటి ఏడాదే ఆమె ఊళ్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లని పోగుచేసి ఒక సంఘం పెట్టింది. మూలపడ్డ కంప్యూటర్లు ఎవరు మోసుకొచ్చినా, అందరూ ఊరికే వాడుకోదగ్గ ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నేర్పించి పంపేవారు. గ్రంథాలయం వాళ్లనడిగి మేడ మీద గది సంపాదించింది ఆమె. శుక్రవారం వచ్చిందంటే, మర్నాటి సమావేశానికి రమ్మని అరవై మందికి పేరుపేరునా ఫోన్ చేసేదీ ఆమే. ప్రోగ్రామరైన కొడుకు మొదట్లో అమ్మ పోరు పడలేక వచ్చాడు. రానురాను తనే ముందు నిలబడి మాట్లాడసాగాడు.

“ఇవాళ నువ్వు రాకపోయినా పర్లేదమ్మా,” అన్నాడు వాడు షూ లేసులు కట్టుకుంటూ.

ఆమె విననట్టే వెళ్లింది. గది కిటకిటలాడుతోంది. ముసలి దర్జీ ఒకాయన ఆమె దగ్గరికొచ్చి, తన కంప్యూటరు మొరాయిస్తోందని చెప్పుకోసాగాడు. ఆమె జవాబు చెప్పేలోపే కొడుకు మైకు అందుకున్నాడు.

“ఆవిణ్ని అడక్కండి. మా అమ్మకి సాఫ్ట్‌వేరంటే కుర్చీలు వేయడం, టీలు పోయడం.”

గదంతా నవ్వింది. దర్జీ ఒక్కడే నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆమె నిలదీసింది. నలుగురిలో నా పరువు తీశావంది. ఉన్న మాటే అన్నానన్నాడు వాడు. కోడ్ తెలియని మనిషి సంఘానికి పెద్దగా ఉంటే బయటివాళ్లు తమని లెక్కచేయడం లేదనీ, అందుకే మిగతావాళ్లతో మాట్లాడి ఆమె పేరు తీసేశామనీ అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

“నువ్వు చేసే పని ఎవరైనా చేస్తారమ్మా.”

ఆమె ఫోన్ నంబర్ల పుస్తకం తెచ్చి వాడి కంచం పక్కన పడేసింది. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. గది అనుమతి ఆ నెలాఖరుతో ముగుస్తుంది, మళ్లీ దరఖాస్తు పెట్టాలి. మాట నోటిదాకా వచ్చింది. తిక్క కుదరనీ అనుకుని మింగేసింది.

మూడు వారాలు ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. నెల మారాక మొదటి శుక్రవారం దర్జీ ఫోన్ చేశాడు. కంప్యూటరు లోపలినుంచి గరగర శబ్దం వస్తోందట. పోయిన భార్య పాడుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయట, ఇంకెక్కడా లేవట. రేపు తెస్తే బయటికి తీసిస్తానని అబ్బాయి మాటిచ్చాడట.

“రేపు ఉంది కదమ్మా?”

లేదని చెబితే సంగతి కొడుకు చెవిన పడుతుంది.

“ఉందండీ. రండి,” అంది.

మర్నాడు ఆమె గడియారం చూసుకుంటూ, కుదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది. ఈపాటికి తాళం చూసి ఉంటాడు, ఈపాటికి వచ్చినవాళ్లంతా వెనక్కి తిరిగి ఉంటారు అనుకుంటుంటే కడుపులో చల్లగా ఉంది. మధ్యాహ్నానికి కొడుకు వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. దర్జీ కంప్యూటరు పెట్టె మోసుకుంటూ పైదాకా ఎక్కాడట. తాళం చూసి దిగుతూ మెట్టు తప్పి పెట్టెతో సహా పడ్డాడట.

“మోకాలు చీరుకుపోయినా చూసుకోలేదమ్మా. ఆ పెట్టె చెవి దగ్గర పెట్టుకుని ఊపి ఊపి విన్నాడు.”

మూడు రోజులు కొడుకు ఆ పెట్టెలోని, పాటలున్న డిస్కుతో కుస్తీ పట్టాడు. ఒక్క పాట కూడా దక్కలేదు. నాలుగో రోజు గ్రంథాలయానికి వెళ్లొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

“అనుమతి అయిపోతోందని నీకు ఉత్తరం పంపారటగా. నీకు తెలుసా?”

“తెలుసు.”

వాడు అరుస్తాడనుకుంది. అరిస్తే తనూ అరవొచ్చనుకుంది. వాడు మాత్రం చెప్పులేసుకోమన్నాడు.

దర్జీ దుకాణంలో కుట్టుమిషను ఆడుతోంది. ఆమె కూర్చోలేదు.

“గదికి తాళం ఉంటుందని తెలిసే మిమ్మల్ని రమ్మన్నాను. వీడి మీద కోపంతో.”

దర్జీ చక్రాన్ని చేత్తో ఆపాడు.

“మీ ఇద్దరి మధ్యకి మా ఆవిణ్ని ఎందుకు లాగారమ్మా?” అని అడిగి, మళ్లీ గుడ్డ సూది కిందికి జరుపుకున్నాడు.

మొదలుపెట్టింది తనేనని, అమ్మని అందరి ముందూ చులకన చేసింది తనేనని కొడుకు చెప్పాడు. దర్జీ తలెత్తలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

వీధిలోకి వచ్చాక ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తప్పు నాదమ్మా, పద అన్నాడు. ఆ మాట కోసమే ఆమె ఇన్నాళ్లూ కాచుకుంది. కొడుకు మళ్లీ తనవాడయ్యాడు. అందుకు ఏ పాపం ఎరగని మనిషి ఏం పోగొట్టుకున్నాడో తలుచుకుంటే ఆమెకి అడుగు ముందుకు పడలేదు.