పదకొండో రెప్పకు ఊ

"ఫ్యాను," అంది సూరాయమ్మ.

శంకరం గుమ్మంలోనే నిలబడి రెప్పలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదికి వచ్చేసరికి గోడలో, ఇంటి పనులన్నీ నడిపే ఇంటిబుర్ర గుర్రుమంది. పదకొండో రెప్పకు ఫ్యాను కదిలింది. అతను పలక తీసి 'మందగింపు, పదకొండు' అని రాసుకున్నాడు. రేవుపేటలో మంచి ఇంటికి ఒక రెప్ప, ముసలి ఇంటికి రెండు. పదకొండు రెప్పల ఇల్లు ఇంకా నడుస్తోందంటే, పాడె మీద పడుకున్న మనిషి లేచి కాఫీలో పంచదార తక్కువైందన్నట్టే.

"చూశావా నాయనా? అది వచ్చేలోగా నేను విసురుకోవడం అయ్యింది, చెమట ఆరింది, మళ్లీ పట్టింది కూడాను."

"చెప్పులు విప్పి లోపలికి రానా మామ్మగారూ?"

"రాక, గుమ్మంలోంచే వైద్యం చేత్తావా?"

అతను కావలివైద్యుడు. ఇంటిబుర్రలకు చీడ పట్టిన సంవత్సరం, తలుపులు మనుషుల్ని లోపల పెట్టి మూసుకున్నప్పుడు, ప్రతి ఇంటిబుర్రకూ ఒక కావలిని కూర్చోబెట్టారు. ఇంట్లోకి వచ్చే బొమ్మనీ వార్తనీ మాటనీ కావలి ముందు జల్లెడ పడుతుంది. శుభ్రమైతే బుర్రకు వదులుతుంది, అనుమానమైతే బందెలదొడ్డిలో తోసి గొళ్లెం వేస్తుంది. దొంగలు రాకుండా కాపలా పెట్టుకుంటే, కాపలావాడు వాకిట్లో మంచం వాల్చుకుని ఇంటివాళ్లనే ఎవరు నువ్వని అడిగినట్టు, కొన్ని ఇళ్లలో కావలే ముదిరిపోయేది. అప్పుడు శంకరాన్ని పంపేవారు.

తొమ్మిదేళ్లలో అతను ఎక్కని గుమ్మం లేదు. పేటలో ఇంకొకరి గుమ్మం ఎక్కేది అతనొక్కడే. ఏది కావాలన్నా ఇల్లే చెబుతుంటే పక్కింటికి వెళ్లే పనేముంది? మజ్జిగ తోడుకు కూడా ఎవరూ కదలడం లేదు. అతని ఇల్లయితే మరీ చురుకైనది. అతను అడగబోయేదాన్ని పసిగట్టి ముందే జవాబిచ్చేది. అందుకని ఆ ఇంట్లో ఒక మాట పూర్తిగా పలికి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

అతను పీట లాక్కుని గోడ ముందు కూర్చున్నాడు. ముందు చూడవలసింది ఒకే బుర్రలో రెండు కావలులేమైనా చేరాయా అని. పాతది తీయకుండా కొత్తది పెడితే, ఇద్దరు తోడికోడళ్లు ఒకే పొయ్యి దగ్గర చేరినట్టు, ఒకదాన్నొకటి జల్లెడ పట్టుకుంటూ కూర్చుంటాయి. లేదు, ఒకటే ఉంది.

"జల్లెడ ఏ వేళకు పెట్టుకున్నారు?"

"నేనేం పెట్టలేదు. అదే పెట్టుకుంది. నేను నోరిప్పే వేళకే మొదలెడతంది."

వేళ మార్చి చూశాడు. తెల్లవారుజామున ఆమె నిద్రలో ఉండగా తిరిగేలా పెట్టాడు. మళ్లీ ఫ్యాను అడిగించాడు. పదకొండే. పాత చెత్త ఏమైనా పేరుకుందేమో చూశాడు. ఆమె గది లాగే బుర్రలోని గిడ్డంగి కూడా సగం ఖాళీగా ఉంది. గదిలో ఉన్నవి మంచం, రెండు కుర్చీలు, గోడకు కొట్టిన చుక్కాని చక్రం. అవతలి ఒడ్డుకు వంతెన పడేదాకా ఆమె నలభై ఏళ్లు పంటు నడిపిన సరంగు.

"ఎప్పుడు ఎక్కువ మందగిస్తోంది?"

"కథ చెప్పేటప్పుడు."

"ఎవరికి చెబుతారు?"

"ఇంకెవరున్నారు?" అని ఆమె గోడకేసి గడ్డం ఎగరేసింది. "ఒరే బుర్రా, వాలుగ చేప కథ చెప్తన్నాను, వినుకో. ఆ ఏడు వరదలో పంటు నిండా పెళ్లివారు. నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది."

ఆమె ఆగింది. ఎదురుచూసింది. చుక్కాని పట్టుకున్న చేతుల్లాగే ఆమె చేతులు గాలిలో నిలబడిపోయాయి. పదకొండో రెప్పకు గోడ "ఊ" అంది.

"అదీ వరస. ఈ ఊ వచ్చేసరికి కథ చల్లారిపోతంది. ఊ లేందే ముందుకు పోలేను నాయనా. నా పంటెక్కినోళ్లు కూడా ఊ కొట్టకపోతే నేను నడి ఏట్లో ఇంజను ఆపేసేదాన్ని."

"నిజంగానా?"

"ఓసారి కలెక్టరుగారు ఊ కొట్టలేదు. మూడు రోజులు ఏట్లోనే ఉన్నారు. అక్కణ్ణుంచే సంతకాలు పెట్టారు."

శంకరం నవ్వు ఆపుకుని పలక వైపు చూశాడు. ఆమె చెప్పిన రెండు వాక్యాలకు కావలి ఒళ్లంతా చెమటలు పట్టినట్టు ఎర్రబడింది. దొడ్డి తెరిచి చూశాడు. లోపల నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. అన్నీ వాలుగలే.

కావలి రాసుకున్నది ఇలా ఉంది: 'రూపు మార్చే చీడ. పట్టుబడిన ప్రతిసారీ పొడవు పెరిగి తిరిగి వస్తోంది. మొదటిసారి ఆరు మూరలు. యాభయ్యోసారి పంటంత. రెండు వందలోసారి తల కిందిరేవులో, తోక పైరేవులో. ప్రస్తుతం ఏరు దాని చుట్టూ తిరిగి పోతోంది.'

అదీ సంగతి. ఆమె కొత్తగా ఒక మాట అన్నప్పుడల్లా కావలి ఆ నాలుగు వందల పన్నెండు చేపల్నీ తోకనుంచి తలదాకా మళ్లీ కొలిచి, సరిపోల్చి, అప్పుడుగాని మాటను బుర్రకు వదలడం లేదు. ఆమె సాగదీసేకొద్దీ కావలి పని సాగుతోంది.

"అబద్ధం ఒక్కలా చెప్పుంటే ఈ బాధ ఉండేది కాదు మామ్మగారూ."

"ఒక్కలా చెప్పడానికి అదేమన్నా సాక్ష్యమా? చేప ఎదగదూ?"

పలక మోగింది. పెద్దకావలి గొంతు. పేటలోని ప్రతి ఇంటి కావలీ దాని పిల్లే. "మందగింపు హద్దు దాటింది. ఈ ఇంట్లో నిప్పు అంటుకుంటే హెచ్చరిక పదకొండు రెప్పలు ఆలస్యం. దొడ్డి ఖాళీ చేయండి. బుర్ర కడగండి. మీరు కడగకపోతే పొద్దుగూకగానే నేనే కడుగుతాను."

సూరాయమ్మ ఆ మాటలు విన్నది. విననట్టు చీర కొంగు సర్దుకుంది.

"కడిగితే దానికి ఊ కొట్టడం ఉంటుందా?"

"ఉండదు. కొత్త బుర్రలా వస్తుంది. ఏది అడిగినా రెప్పపాటులో చెబుతుంది."

"నేను దాన్నేం అడగను నాయనా. ఎనభై రెండేళ్లొచ్చాయి, ఇంక తెలుసుకునేదేముంది. నేను చెప్పుకోవాలి." ఆమె చేత్తో గోడను తట్టింది. "మొదట్లో దీనికీ రాదు. మధ్యమధ్యలో అడ్డొచ్చి వాలుగలు అంత పెరగవండీ అనేది. ఊ ఎక్కడ కొట్టాలో నేర్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇంకో మూడేళ్లు నా దగ్గర ఉన్నాయంటావా?"

శంకరం పలక తిరగేశాడు. అతనికి ఉన్న దారి ఒక్కటే, విడుపు చీటీ. దాని మీద ఆనవాలు రాస్తే, ఆ ఆనవాలున్నదాన్ని కావలి ఇక పట్టదు. కాని ఒక ఇంట్లో రాసిన చీటీ పొద్దుగూకేలోగా పేటలోని ప్రతి కావలికీ పాకుతుంది. అందుకే ఆనవాలు కచ్చితంగా ఉండాలి: పొడవు, మొదటి మాట, చివరి మాట. రేపటికి ఏ పొడవుంటుందో చేపకే తెలియనప్పుడు ఏమని రాస్తాడు?

"ఆ పెళ్లివారు ఒడ్డు చేరారా?" అన్నాడు, పలక ఒళ్లో పెట్టుకుని.

ఆమె అతని మొహంలోకి చూసింది. "వాలుగ మీసానికి పంటు తాడు కట్టాను."

"ఊ."

"లాగడం మొదలెట్టింది చూడు, కిందున్న నీళ్లు వెనకబడిపోయాయి."

"ఊ."

"ముహూర్తానికి ముందే చేరిపోయాం. ఎంత ముందంటే, అప్పటికింకా పెళ్లిచూపులే అవలేదు. పిల్లాడు నచ్చలేదని పెళ్లికూతురు అదే పంటులో తిరిగొచ్చేసింది."

శంకరం నవ్వాడు. పీట కిర్రుమనేలా నవ్వాడు. ఆఖరుసారి తను ఊ కొట్టింది ఎవరికి? ఆలోచించాడు. తట్టలేదు.

అతను చీటీ తెరిచి, ఆనవాలు గడిలో నెమ్మదిగా రాశాడు: 'వింటున్నవారు ఊ కొట్టేది ఏదైనా.'

"ఇది ఆనవాలు కాదు," అంది పెద్దకావలి.

"గడిలో పట్టింది కదా."

"హామీ ఎవరు? దీని వెంట చీడ దూరితే మీ ముద్ర రద్దు. మీ ఇల్లూ కడిగేస్తాను."

కడగడానికి తన ఇంట్లో ఏముంది గనక, అనుకుని శంకరం బొటనవేలు నొక్కాడు. బందెలదొడ్డి గొళ్లెం ఊడింది. నాలుగు వందల పన్నెండు వాలుగలు ఒకదాని వెనుక ఒకటి ఏట్లోకి జారాయి. పలక మీది ఎరుపు చల్లారింది.

"ఫ్యాను ఆపు," అంది సూరాయమ్మ. ఒక్క రెప్పకు ఆగింది. "ఒరే బుర్రా, ఎక్కడున్నాం?"

"మీసానికి తాడు కట్టారు," అంది గోడ, మెల్లగా.

ఆమె అతనికి వీడ్కోలు చెప్పలేదు. అప్పటికే నడి ఏట్లో ఉంది. అతను చెప్పులు వేసుకుని గట్టు వెంబడి బయల్దేరాడు.

పొద్దు వాలుతుండగా పేటలో ఏదో తేడాగా అనిపించింది. ఒక కిటికీలోంచి గొంతు, ఆగి, మళ్లీ గొంతు. దాని పక్కింట్లోనూ అంతే. ఒక ముసలాయన అరుగు దిగి, ఎదురింటి గుమ్మం ముందు నిలబడి, తలుపు ఎలా తట్టాలో మరిచిపోయినవాడిలా చెయ్యెత్తి ఉంచాడు. ఆ తలుపు తెరుచుకుంది.

శంకరం తన ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. పలక మోగింది.

"మూడు వందల పన్నెండు ఇళ్లలో ప్రశ్నలు ఆగిపోయాయి," అంది పెద్దకావలి. "బుర్రలు ఊ తప్ప వేరే జవాబివ్వడం లేదు. ఎనిమిది ఇళ్లలోకి బయటివాళ్లు వచ్చారు. మీ చీటీతోనే మొదలైంది; దాని వెంట సూరాయమ్మ ఇంటి ఊ కూడా పాకింది. మీ ముద్ర ఆపేశాను. ఇది ఏ చీడ? వివరణ ఇవ్వండి."

"ఇస్తాను. కాస్త పొడుగు."

"క్లుప్తంగా చెప్పండి."

"కుదరదు. నువ్వు మధ్యలో ఊ కొట్టాలి. కొట్టకపోతే ఇంజను ఆపేస్తాను."

శంకరం కాళ్లు బారజాపి, స్తంభానికి వీపు ఆనించాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంచెంసేపు తడబడ్డాడు. తర్వాత అతని నోట్లోంచి ఒక పూర్తి వాక్యం బయటికొచ్చింది.

"ఒక ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఎవరితోనూ మాట్లాడని వైద్యుడు ఒకడుండేవాడు. వాడి నాలుక మీద గడ్డి మొలిచి, మేకలు మేతకొచ్చేవి."

ఆగాడు. రెప్పలు లెక్కపెట్టాడు. ఐదు. ఎనిమిది. పది.

పదకొండో రెప్పకు పలకలోంచి, ఇంకా గొంతు కుదరని పసివాడిలా, "ఊ" అని వినిపించింది.