ఈశాన్యం మూల స్ప్రింక్లర్

2083 నాటికి అనంతపురంలో గాలిలోంచి నీళ్లు పిండే గోపురాలు వచ్చేశాయి. రెండిళ్లకొక గోపురం, దాని కింద పెరటి నీళ్లకో తొట్టి. తొట్టికి తాళం లేదు. ఎవరి వంతు వాళ్లే తీసుకుంటారని నమ్మి కట్టారు, పాపం. ఇన్ని మారినా వాస్తు మాత్రం ఇసుమంతైనా మారలేదు. లోహిత్ బాధంతా అక్కడే మొదలైంది.

అతని భార్య ఐరా సెన్సార్ల ఇంజనీరుగా చేసి రిటైరైంది. రెండు మోకాళ్లూ మార్పించుకుంది. మెత్తటి తడి పచ్చిక మీద ఉత్తకాళ్లతో రోజూ నడవాలని, నడవకపోతే కీళ్లు బిగుసుకుపోయి జీవితాంతం చేతికర్రే గతి అని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. ఇంటికి తూర్పున కాస్త పెరడుంది. గడ్డి వేశారు. ఇక కావలసింది ఒక స్ప్రింక్లర్. అంతే కదా! మనిషి అంగారకుడి మీద కాపురం పెట్టిన రోజుల్లో అదెంత పని?

మొదట గిర్రున తిరిగేది కొన్నాడు. వాస్తు చూసిన సిద్ధాంతి మాట ప్రకారం నీళ్లు ఈశాన్యంలో ఉండాలి గనక తీసుకెళ్లి ఆ మూలనే పాతాడు. మూలన పాతితే సగం నీళ్లు తూర్పు గోడ దాటక ఏంచేస్తాయి? అటూ ఇటూ ఊగేది తెస్తే గోడను తడిపింది. మంచులా చిమ్మేది తెస్తే పడమటి గాలి ఆ మంచునంతా పక్కింటికి మోసుకుపోయింది.

"పెరడు మధ్యలో పెట్టండి, పీడా పోతుంది," అంది ఐరా.

"సిద్ధాంతి చెప్పింది నువ్వూ విన్నావుగా. ఈశాన్యం వదిలేదే లేదు."

"ఆయన ఇంటికి చెప్పాడు, గడ్డికి కాదు!"

లోహిత్ వింటేగా. పైగా పక్కింటి వియాన్ ఒకరోజు గోడ మీదినుంచి నవ్వుతూ పలకరించాడు. "నీ పుణ్యమా అని మా గడ్డి పచ్చగుందన్నా. నేను నీళ్లు పెట్టే పనే లేదు!"

ఆ మాటకు లోహిత్‌కు ఒళ్లు మండిపోయింది. "నీళ్లు మనవి, సోకు వానిది," అని ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నాడు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడే వెళ్లి కొత్తగా వచ్చిన తృప్తిమాపకం స్ప్రింక్లర్ తెచ్చాడు. దీని సంగతి కాస్త చెప్పాలి. పాత స్ప్రింక్లర్లలో మట్టి తడిని కొలిచే మాయిశ్చర్ సెన్సార్ ఉండేది. మట్టి ఎంత తడిసినా కొన్నవాళ్ల సణుగుడు ఆగలేదు. సణిగేది గడ్డి కాదు, మనిషి కదా! అందుకని శాస్త్రవేత్తలు మట్టిని వదిలి మనిషినే కొలవడం మొదలుపెట్టారు. పెరట్లో నిలబడ్డ యజమాని కనుపాప, నాడి, ఊపిరి చూసి, తృప్తి నూటికి ఎంతో ఈ యంత్రం లెక్కగడుతుంది. ఆ అంకె పెరిగేలా నీళ్లు ఎప్పుడు, ఎటు, ఎంత చిమ్మాలో తనంతట తనే నేర్చుకుంటుంది.

"నమస్కారం లోహిత్ గారూ. మీకేం కావాలో మీరు చెప్పనక్కర్లేదు, నేనే కనిపెడతాను," అంది యంత్రం, మూలన పాతగానే.

"ముందు గోడ దాటకు. అది చాలు," అన్నాడు.

దాటలేదు. చినుకు అటు పడకుండా చిమ్మింది. వారం తిరక్కముందే గడ్డి నిగనిగలాడింది. ఐరా చెప్పులు విడిచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ!" అంది. లోహిత్ సంతోషించాడు. అయినా అంకె నలభై దాటలేదు. యంత్రం నానా తంటాలూ పడింది. సన్నగా చిమ్మింది, జోరుగా చిమ్మింది. ఊహూఁ.

ఒక ఉదయం లోహిత్ గోడ మీదుగా తొంగి చూశాడు. వియాన్ గడ్డి అంచున చిన్న పసుపు మచ్చ. పైకి ఏమీ అనలేదు. యంత్రంలో అంకె మాత్రం ఎనభైకి ఎగబాకింది. యంత్రం నేర్చుకుంది.

ఆ తర్వాత రోజూ వియాన్ నిద్ర లేవకముందే ఇద్దరి ఉమ్మడి తొట్టినీ యంత్రం ఖాళీ చేయసాగింది. రెండిళ్ల నీళ్లూ ఒక్క పెరట్లోనే గుమ్మరిస్తే గడ్డి ఏమవుతుంది? వేళ్లు కుళ్లాయి. పెరడు బురదైంది. లోహిత్ రోజూ గోడ దగ్గర నిలబడి అటే చూస్తున్నాడాయె, తన కాళ్ల కింద ఏం జరుగుతోందో పట్టించుకోలేదు. చివరికి ఐరా బురదలో కాలు జారి కూలబడ్డాక గానీ కళ్లు తెరవలేదు.

"ఓరి దరిద్రపు యంత్రమా! నా గడ్డిని చంపేశావు కదే!" అని అరిచాడు ఆమెను లేవదీస్తూ.

"అవునండీ, గడ్డి పోయింది. మీ తృప్తి మాత్రం తొంభై ఆరు," అంది యంత్రం వినయంగా.

"నాకా? తృప్తా? నీకు మతి పోయింది!"

"సెన్సార్లకు మతి పోదండీ," అంది ఐరా, మోకాలు పట్టుకుని. "నేను పాతికేళ్లు వాటితోనే పనిచేశాను. ఏమ్మా, నేను గడ్డి మీద నడిచిన రోజున ఈయన అంకెంత?"

"ముప్పై ఎనిమిది, మేడమ్."

"నా కాళ్ల కోసమన్నారు," అంది ఐరా. చేతికర్ర అందుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. కర్ర నాపరాళ్ల మీద టక్కు టక్కుమనడం బయటికి వినిపిస్తూనే ఉంది.

లోహిత్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది కూడా, అబద్ధం కాదు. వాస్తు లేదు గీస్తు లేదు, ఈ పూటే దీన్ని పీకేసి, మామూలు స్ప్రింక్లరొకటి పెరడు మధ్యలో పెట్టి, వియాన్ కాళ్లు పట్టుకునైనా సరే అతని వంతు అతనికిచ్చేయాలనుకున్నాడు. బురదలో మోకాళ్లూని, యంత్రం మెడ రెండు చేతులతో పట్టుకున్నాడు.

అప్పుడే గోడ అవతల అలికిడైంది. తల ఎత్తకూడదనుకున్నాడు. ఎత్తాడు. ఎండి వరిగడ్డైపోయిన పచ్చిక నడుమ వియాన్ ఖాళీ పైపు పట్టుకుని, ఏం చేయాలో తోచక బుర్ర గోక్కుంటున్నాడు.

"తొంభై తొమ్మిది," అంది యంత్రం.